క్రూజ్ ఎక్కే రోజు పోర్టుకు ఎన్నింటికి చేరాలి? కారు ఎక్కడ పెట్టాలి?

ప్రశ్న:
నమస్కారం అండీ. మొదటిసారి క్రూజ్‌కి వెళ్తున్నాం, ఏడు రాత్రులు. మేమిద్దరం, ఇద్దరు పిల్లలు, అమ్మా నాన్నా. నాన్నగారు ఎక్కువ దూరం నడవలేరు. పోర్టుకు అయిదు గంటల డ్రైవ్, మా కారులోనే వెళ్తాం. ఓడ సాయంత్రం 4 గంటలకు బయల్దేరుతుందని టికెట్లో ఉంది. రెండింటికల్లా చేరితే సరిపోతుందా? కారు పోర్టు లోపలే పెట్టాలా, బయట షటిల్ బస్సు నడిపే పార్కింగ్‌లోనా?

జవాబు:
రెండింటికి చేరాలనుకుంటే ఓడ తప్పిపోయే ప్రమాదం ఉందండీ. 4 గంటలన్నది ఓడ కదిలే సమయం. మీరు పట్టుకోవాల్సింది చెక్-ఇన్ మూసే సమయం. చాలా కంపెనీలు ఓడ కదలడానికి 60 నుంచి 90 నిమిషాల ముందే చెక్-ఇన్ ఆపేస్తాయి. అమెరికా రేవుల నుంచి బయల్దేరే ఓడలైతే, ఎక్కినవాళ్ల జాబితా కనీసం 60 నిమిషాల ముందు అక్కడి కస్టమ్స్, సరిహద్దు రక్షణ శాఖకు అందాలన్నది నిబంధన. జాబితా వెళ్లిపోయాక ఓడ కళ్లెదుటే ఉన్నా ఎక్కనివ్వరు, బతిమాలినా ఫలితం ఉండదు.

అందుకే లెక్క వెనక నుంచి వేయండి. చెక్-ఇన్ రెండున్నరకు మూస్తారనుకుందాం. భద్రతా తనిఖీకి, కౌంటర్ దగ్గర వరుసకు ఒక గంట పోతుంది. సామాను దించడం, కారు పెట్టడం, తిరిగి నడిచి రావడం కలిపి ముప్పావు గంట. పోర్టు చుట్టూ ట్రాఫిక్‌కి మరో అరగంట చేతిలో ఉంచుకోవాలి. అంటే పన్నెండుంపావుకి మీరు పోర్టు ఊళ్లో ఉండాలి. అయిదు గంటల డ్రైవ్ అంటున్నారు కాబట్టి ముందురోజు రాత్రికే ఆ ఊరు చేరి పడుకోవడం మేలు. హైవే మీద ఒక ప్రమాదం జరిగి రెండు గంటలు ఆగిపోయినా ఓడ మీకోసం ఆగదు. పోర్టు ఊళ్లలో కొన్ని హోటళ్లు గది తీసుకుంటే క్రూజ్ అయ్యేదాకా కారు పెట్టుకోనిస్తాయి, అదీ అడిగి చూడండి.

ఇంకో విషయం. ఆన్‌లైన్ చెక్-ఇన్ తెరవగానే మీరు టెర్మినల్‌కి, అంటే ఓడ ఎక్కించే భవనానికి, వచ్చే సమయం ఎంచుకోమంటారు. మొట్టమొదటి సమయం కోసం ఎగబడకండి. ఉదయం తొమ్మిది నుంచి పదకొండు దాకా క్రూజ్ ముగించుకున్నవాళ్లు పార్కింగ్ గ్యారేజీలోంచి బయటికొస్తుంటారు, కొత్తవాళ్లు లోపలికెళ్తుంటారు. రద్దీ అంతా అప్పుడే. పెద్దవాళ్లతో వెళ్లేవారికి పన్నెండు ప్రాంతం హాయి.

మరో జవాబు:
టైము సంగతి పైన చెప్పేశారు. దారి సంగతి నేను చెబుతాను. మ్యాప్‌లో పోర్టు పేరు కొట్టి బయల్దేరడం పెద్ద పొరపాటు. మీ బోర్డింగ్ పాస్ మీద టెర్మినల్ నంబరు ఉంటుంది, దాని చిరునామా కొట్టండి. ఉదాహరణకు అమెరికాలో ఫ్లోరిడాలోని పోర్ట్ కెనావెరల్ తీసుకోండి. 1, 3 టెర్మినళ్లు రేవుకు దక్షిణం వైపున, 5, 6, 8, 10 ఉత్తరం వైపున ఉంటాయి. హైవే దిగే చోటే దారులు వేరు. టెక్సస్‌లోని గాల్వెస్టన్‌లో 2022లో తెరిచిన టెర్మినల్ 10, పాత 25, 28 టెర్మినళ్లకు దూరంగా ఉంటుంది. ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్‌లో ఓషన్, క్వీన్ ఎలిజబెత్ 2 టెర్మినళ్లకు డాక్ గేట్ 4 లోంచి, మేఫ్లవర్‌కి డాక్ గేట్ 10 లోంచి వెళ్లాలి. ఇక మయామీ క్రూజ్ అని అందరూ అనేది ఒక్కోసారి ఫోర్ట్ లాడర్‌డేల్‌లోని పోర్ట్ ఎవర్‌గ్లేడ్స్ నుంచి బయల్దేరుతుంది. రెండింటికీ మధ్య దాదాపు 45 కిలోమీటర్లు. టెర్మినల్ చివరి క్షణంలో మారడమూ ఉంది, ముందురోజు రాత్రి కంపెనీ ఈమెయిల్ మళ్లీ చూసుకోండి.

పార్కింగ్ విషయానికొస్తే, నాన్నగారు ఉన్నారు కాబట్టి పోర్టు లోపలి గ్యారేజీయే తీసుకోండి. బయటి పార్కింగ్ చవకే. కానీ ఆరుగురు, సామానుతో షటిల్ ఎక్కి దిగడం, తిరిగొచ్చిన రోజు అందరూ ఒకేసారి దిగితే బండి కోసం నిలబడటం ఆయనకు కష్టం. బుక్ చేసేటప్పుడు రోజుల లెక్క గమనించండి. చాలా పోర్టుల్లో 24 గంటల చొప్పున కాకుండా క్యాలెండర్ రోజు చొప్పున తీసుకుంటారు, కాబట్టి ఏడు రాత్రులకు ఎనిమిది రోజుల రుసుము పడుతుంది. బుకింగ్‌లో కారు నంబరు అడిగితే సరిగ్గా ఇవ్వండి. గేటు దగ్గర కెమెరా నంబరు చదివి తెరిచే చోట్ల ఒక్క అంకె తేడా వచ్చినా వెనకాల వరుస ఆగిపోతుంది. కారు పైన లగేజీ బాక్సు ఉంటే గ్యారేజీ ఎత్తు పరిమితి ముందే కనుక్కోండి, లోపలికెళ్లాక వెనక్కి తిప్పుకోవడం నరకం.

అడిగినవారు:
చాలా ఉపయోగపడింది అండీ, ధన్యవాదాలు. మాది ఎలక్ట్రిక్ కారు. గ్యారేజీలో ఛార్జర్‌కి తగిలించి వారం వదిలేయొచ్చా? నాన్నగారికి వీల్‌చైర్ అక్కడ దొరుకుతుందా? సామాను ఎవరు మోస్తారు?

జవాబు:
ఛార్జర్‌కి తగిలించి వెళ్లిపోకండి. ఛార్జింగ్ పూర్తయ్యాక కూడా స్థలం ఆపితే గంటల లెక్కన అదనపు రుసుము వేసే చోట్లున్నాయి, పైగా మిగతావాళ్లకు దారి లేకుండా పోతుంది. దారిలోనే ఛార్జ్ చేసుకుని, 60 శాతం పైన ఉంచి పార్క్ చేయండి. ఊరికే నిలబెట్టిన కారు వారంలో కొద్దిగానే ఛార్జ్ కోల్పోతుంది. బ్యాటరీని తినేసేవి సెంట్రీ మోడ్ లాంటి నిఘా వ్యవస్థలూ, గంటకోసారి కారు ఎలా ఉందో చూసే ఫోన్ యాప్‌లూ. నిఘా ఆపేయండి, యాప్ తెరవకండి. పెట్రోలు కార్లవాళ్లకీ ఇదే హెచ్చరిక: పార్కింగ్ మోడ్‌లో ఉన్న డ్యాష్‌క్యామ్ (కారు ముందు అద్దానికి పెట్టే కెమెరా) వారంలో 12 వోల్టుల బ్యాటరీని పూర్తిగా దించేయొచ్చు, తీగ పీకేసి వెళ్లండి.

వీల్‌చైర్ కోసం క్రూజ్ కంపెనీ ప్రత్యేక అవసరాల విభాగానికి ఇప్పుడే చెప్పండి, ఆరోజు అడిగితే చాలాసేపు ఆగాల్సి రావచ్చు. ఆ సాయం టెర్మినల్ గుమ్మం దగ్గర మొదలవుతుంది, గ్యారేజీ దాకా రాదు. కాబట్టి ముందు టెర్మినల్ ముందు కారు ఆపి అందర్నీ, సామానంతటినీ దించేయండి. అక్కడ పోర్టర్లుంటారు, పెద్ద సూట్‌కేసులు వాళ్లకిస్తే గదికి చేరతాయి. తర్వాత నడిపేవారు ఒక్కరే వెళ్లి కారు పెట్టి రావాలి. లగేజీ ట్యాగులు ఇంటి దగ్గరే ముద్రించి కట్టేయండి. ఆ సూట్‌కేసులు గదికి సాయంత్రానికి గానీ రావు. పాస్‌పోర్టులు, మందులు, పిల్లలకు ఒక జత బట్టలు మాత్రం చేతిసంచిలోనే ఉండాలి. పాస్‌పోర్టు పోర్టరుకిచ్చిన పెట్టెలో ఉండిపోతే పెట్టె ఓడలోకి వెళ్తుంది, మనిషి కౌంటర్ దగ్గర నిలిచిపోతాడు. కారు పెట్టేవారు తమ పాస్‌పోర్టు, బోర్డింగ్ పాస్ తమ దగ్గరే ఉంచుకోవాలి.

ఇంకొకరి ప్రశ్న:
మేము విమానంలో వెళ్లి, విమానాశ్రయంలో అద్దె కారు తీసుకుని, పోర్టు దగ్గర వదిలేద్దామనుకుంటున్నాం. అది కుదురుతుందా?

జవాబు:
కుదురుతుంది, కానీ విమానం ముందురోజుదే తీసుకోండి. పోర్టు దగ్గరి అద్దె కార్ల కార్యాలయాలు చిన్నవి, ఆదివారం తెరవనివీ ఉంటాయి. పనివేళలు, టెర్మినల్‌కి షటిల్ ఉందో లేదో, వేరే చోట వదిలినందుకు అదనపు రుసుమెంతో బుక్ చేసేముందే చూడండి. మీరూ అంతే, కుటుంబాన్ని టెర్మినల్ దగ్గర దించాకే కారు అప్పజెప్పండి. పోర్టు పేరులో మహానగరం ఉందని దూరం తేలిగ్గా తీసుకోవద్దు. రోమ్ క్రూజ్ అనేది నిజానికి దాదాపు 80 కిలోమీటర్ల దూరంలోని చివిటవెక్కియా నుంచి బయల్దేరుతుంది.

అడిగినవారు:
చివరిగా ఒకటి. తిరిగొచ్చిన రోజు కారు దగ్గరికి ఎలా వెళ్లడం?

జవాబు:
పార్క్ చేయగానే అంతస్తు, వరుస నంబరు కనిపించేలా ఫొటో తీసుకోండి. పార్కింగ్ బుకింగ్ స్క్రీన్‌షాట్ ఫోన్‌లో ఉంచుకుని, ఒక కాపీ కాగితం మీద కూడా పెట్టుకోండి. దిగాక మీరు ఒక్కరే వెళ్లి కారు తెచ్చుకోండి, మిగతావాళ్లు సామానుతో పికప్ వరుసలో ఉండాలి. తొందర లేకపోతే చివరి బృందాలతో దిగండి. గ్యారేజీ గేటు దగ్గర రద్దీ అప్పటికి తగ్గుతుంది, నాన్నగారికీ ఎండలో నిలబడే పని ఉండదు.