మ్యాంగో స్ట్రీట్ పుస్తకం: అసలిది నవలేనా? తొమ్మిదో తరగతి పిల్లలకి తగునా?

డాలస్ నాన్న: మా అమ్మాయికి స్కూల్లో సాండ్రా సిస్నెరోస్ ‘ద హౌస్ ఆన్ మ్యాంగో స్ట్రీట్’ (1984) ఇచ్చారు. షికాగోలో మెక్సికన్ కుటుంబాలుండే వీధి, ఎస్పెరాన్సా అనే పిల్ల చెప్పుకునే కథ. నేనూ చదివాను. 44 ముక్కలు, కొన్ని పేజీ కూడా లేవు. మాటలకు కొటేషన్ గుర్తుల్లేవు. ఇది నవల ఎలా అయింది?

గట్టుమీద గాలి: ముక్కలే కానీ వీధి ఒకటే, పిల్ల ఒకతే. మొదట్లో డబ్బులు పోగేసి సైకిల్లో వాటా కొనుక్కున్న పిల్లకి, చివరికొచ్చేసరికి స్నేహితురాలు శాలీ ఒంటిమీద దెబ్బలు ఎవరు కొట్టినవో తెలుసు. నవలకి ఇంకేం కావాలి?

చిన్ని: నాకు చాలా నచ్చింది.

డాలస్ నాన్న: నచ్చడం వేరు. నవలా, కాదా?

గట్టుమీద గాలి: మీ కోపం కొటేషన్ల మీద కాదండీ.

డాలస్ నాన్న: కాదు, సరేనా! శాలీని తండ్రి బెల్టుతో కొడతాడు. అదే వీధిలో ఉండే రఫాయెలాని మొగుడు ఇంట్లో పెట్టి తాళం వేస్తాడు. తండ్రులూ మొగుళ్ళూ అంటే ఇంతేనా? నేను ఓవర్‌టైమ్ చేసి పెంచుకున్న పిల్ల ఇప్పుడు కాలేజీకి వేరే రాష్ట్రం వెళ్తానంటోంది. “నాకూ నా ఇల్లు కావాలి” అంటోంది, అచ్చం ఎస్పెరాన్సాలాగే.

గట్టుమీద గాలి: ఎస్పెరాన్సా నాన్నని వదిలేశారేం? చీకటుండగానే లేచి పనికి పోయే మనిషి. తన తండ్రి పోయాడని కూతురి దగ్గర ఏడుస్తాడు, ఆ పిల్లే ఆయన్ని పట్టుకుని ఓదారుస్తుంది. మీరు చూసుకోవాల్సింది ఆయనలో.

కృష్ణవేణి: నన్ను డిగ్రీకి పక్క జిల్లా పంపలేదు మా నాన్న. ఎప్పుడూ కొట్టలేదు, గట్టిగా అరవలేదు. “నువ్వు లేకపోతే ఇల్లు బోసిపోతుందమ్మా” అన్నాడు, ఆగిపోయాను. నాకింకా బాధే.

డాలస్ నాన్న: నన్ను మీ నాన్నగారితో పోల్చకండి. ఇదే పుస్తకంలో అలీసియా అనే అమ్మాయి ఇంట్లో ఉండే యూనివర్సిటీకి వెళ్ళింది.

కృష్ణవేణి: ఎలా వెళ్ళిందో చదివారా? తల్లి లేదు కాబట్టి పొద్దున్నే లేచి రొట్టెలు చేయాలి. రెండు రైళ్ళు, ఒక బస్సు మారాలి. రాత్రంతా చదువుతుంటే ఎలుకలు కనిపిస్తాయి, తండ్రేమో ఎలుకలే లేవంటాడు. అదా మీ అమ్మాయికి మీరు చూపించే దారి?

గట్టుమీద గాలి: పైగా వీధి దాటలేని వాళ్ళకోసం తిరిగొస్తానని చివర్లో ఎస్పెరాన్సా అంటుంది.

డాలస్ నాన్న: వస్తానంది. వచ్చినట్టు ఎక్కడా లేదు. అప్లికేషన్లకి ఇంకా టైముంది, అప్పటిదాకా నేను మా ఊరి యూనివర్సిటీ మాటే ఎత్తుతాను.