ర్యామ్ బోలెడు ఖాళీ, స్వాప్ (ర్యామ్ చాలక డిస్కుకి పంపడం) సున్నా, అయినా లినక్స్ 6.8 కెర్నల్‌లో ప్రోగ్రాం నత్తనడక. ఎక్కడ వెతకాలి?

రాత్రిబండి:

నాలుగు రోజులుగా దీంతోనే కుస్తీ పడుతున్నాను. గొట్టంలో నీటి ప్రవాహాన్ని లెక్కగట్టే ప్రోగ్రాం ఒకటి సీలో నేనే రాసుకున్నాను, ప్రవాహాన్ని గళ్లుగా విడగొట్టే లాటిస్ బోల్ట్జ్‌మాన్ పద్ధతిలో. 6.6 కెర్నల్ మీద 11 నిమిషాల్లో అయిపోయేది. మెషీన్‌ని 6.8కి మార్చాక 26 నిమిషాలు. బైనరీ అదే, ఇన్‌పుట్ అదే. పాత కెర్నల్‌తో బూట్ చేస్తే మళ్లీ 11. కాబట్టి ఈసారి తప్పు నాది కాదని ధైర్యంగా చెబుతున్నాను (మామూలుగా నాదే అవుతుంది).

చూసినవి: 64 జీబీలో 50 జీబీకి పైగా ఖాళీ. వీఎమ్‌స్టాట్‌లో పీజీస్కాన్ డైరెక్ట్, అలాక్‌స్టాల్ (మెమరీ చాలక ప్రోగ్రాం ఆగాల్సివస్తే పెరిగే) అంకెలు కదలనే లేదు. మెమరీ ఖాళీచేసే కేస్వాప్‌డీ నిద్రపోతోంది. మెమరీ ప్రెషర్ ఫైల్‌లో అన్నీ 0.00. మల్టీ జెన్ ఎల్ఆర్‌యూ (ఏ పేజీలను ముందు తీసేయాలో ఎంచే పద్ధతి) ఆపి చూశాను, తేడా లేదు. ట్రాన్స్‌పరెంట్ హ్యూజ్‌పేజీలను (4 కేబీ పేజీల బదులు కెర్నల్ తనంతట తానే ఇచ్చే 2 ఎంబీ పేజీలు) 'నెవర్'కి మారిస్తే ఇంకా దిగజారి 31 నిమిషాలైంది. అంటే తేడా హ్యూజ్‌పేజీల వల్ల కాదని దాన్నీ లిస్టులోంచి కొట్టేశాను.

ఇక బైసెక్టే (మార్పులను సగానికి సగం విడగొడుతూ తప్పు చేసినదాన్ని పట్టుకోవడం) దిక్కా? రెండు వెర్షన్ల మధ్య ముప్పై వేల కమిట్లు (మార్పులు), అంటే 15 బిల్డులు, 15 రీబూట్లు. నా మెషీన్ ఒక్క బిల్డుకే నలభై నిమిషాలు తీసుకుంటుంది.

చిన్నబగ్గు:

సీపీయూ గవర్నర్ (క్లాక్ వేగాన్ని నిర్ణయించేది) చూశారా? కెర్నల్ మారినప్పుడు పవర్‌సేవ్‌కి పోతుంటుంది. నాకు రెండుసార్లు అయింది.

రాత్రిబండి:

చూశానండీ, రెండిట్లోనూ పెర్ఫార్మెన్సే. ప్రాసెసర్ పనిని లెక్కపెట్టే పెర్ఫ్ స్టాట్ కూడా నడిపాను. ఇన్‌స్ట్రక్షన్ల సంఖ్య రెండు కెర్నళ్లలో దాదాపు ఒకటే, సైకిళ్లు మాత్రం 2.3 రెట్లు. క్లాక్ బాగానే పరిగెడుతోంది, పని మాత్రం ముందుకు సాగడం లేదు.

పాతపేజీ:

ఇన్‌స్ట్రక్షన్లు అవే ఉండి సైకిళ్లు పెరిగాయంటే ప్రాసెసర్ దేనికోసమో ఎదురుచూస్తోంది. మీరు చూసినవన్నీ మెమరీ చాలనప్పుడు చూసేవి. మీకు చాలకపోవడం లేదు కదా.

అసలు ఆ ప్రోగ్రాం ఎంత మెమరీ వాడుతుంది? ఎన్ని అరేలు, ఒక్కోటి ఎంత? అది నడుస్తుండగా రెండు కెర్నళ్లలోనూ దాని మ్యాప్స్ ఫైల్ (ఏ మెమరీ ముక్క ఏ అడ్రస్‌లో ఉందో చూపే జాబితా) కాపీ చేసి పక్కపక్కన పెట్టండి. బైసెక్ట్ జోలికి ఇప్పుడే పోకండి.

రాత్రిబండి:

చెప్పడానికి కొంచెం సిగ్గుగా ఉంది, మొత్తం కలిపి వంద ఎంబీ కూడా లేదు. గడికి 9 దిశలు, పాతవీ కొత్తవీ రెండు కాపీలు, సాంద్రత ఒకటి, వేగాలు రెండు: 21 అరేలు. ఒక్కోటి 840 × 700 డబుల్స్, మ్యాలక్‌తో (సీలో మెమరీ అడిగే ఫంక్షన్) తీసుకున్నవి. మధ్యలో దేన్నీ ఫ్రీ చేయను.

మ్యాప్స్ చూస్తే తేడా కళ్లకు కొట్టినట్టు కనిపిస్తోంది. 6.6లో 21 అరేలూ అతుక్కుని 96,516 కేబీల ఒకే ముక్క. 6.8లో 21 విడి ముక్కలు, ఒక్కోటి 4,596 కేబీలు, మధ్యలో 1,548 కేబీల ఖాళీ. ప్రతి ముక్క మొదటి అడ్రస్‌లో చివరి ఐదు హెక్స్ అంకెలూ సున్నాలే.

పాతపేజీ:

వంద ఎంబీల ప్రోగ్రాం కోసం కేస్వాప్‌డీని నిద్రలేపి విచారించారన్నమాట. పర్లేదు, నేనూ ఒకప్పుడు అదే చేశాను.

4,596కి 1,548 కలపండి: 6,144. సరిగ్గా 2 ఎంబీకి మూడు రెట్లు. 2023 డిసెంబర్‌లో ఒక మార్పు రాశారు. 2 ఎంబీ, ఆపైన ఉన్న అనానిమస్ మ్యాపింగ్‌ని (ఏ ఫైల్‌కీ చెందని మెమరీ ముక్కని) 2 ఎంబీ గీత మీదే, అంటే 2 ఎంబీ గుణిజమైన అడ్రస్ దగ్గరే, మొదలుపెట్టాలని. హ్యూజ్‌పేజీ సులువుగా దొరుకుతుందని ఉద్దేశం. ఇదే ఆలోచనను 2022లోనే ఒకసారి చేర్చి, క్లాంగ్ కంపైలర్‌తో కెర్నల్ బిల్డ్ నెమ్మదించిందని తీసేశారు. రెండోసారి నిలబడింది.

మీ లూప్ ఒక గడి కోసం 21 అరేల్లో అదే ఇండెక్స్‌ని తాకుతుంది. అన్నీ 2 ఎంబీ గీత మీద మొదలైతే ఆ 21 అడ్రస్‌ల చివరి 21 బిట్లూ ఒకటే. హ్యూజ్‌పేజీలు ఉంటే ఫిజికల్ అడ్రస్‌లోనూ అవే బిట్లు, కాబట్టి ఎల్2 క్యాష్‌లో (ప్రాసెసర్ లోపలి వేగవంతమైన చిన్న మెమరీ) అన్నీ ఒకే సెట్‌కి, అంటే ఒకే అరకి, పోతాయి. ఒక సెట్‌లో 8 లైన్లకో 16 లైన్లకో చోటు. ఇరవై ఒకటో వాడు ఎక్కాలంటే ఇంకొకడు దిగాలి. 6.6లో అరేలు 4,596 కేబీల దూరంలో ఉండేవి, అది గుండ్రటి అంకె కాదు కాబట్టి వేర్వేరు సెట్లకు చెదిరిపోయేవి. మీరు ఎప్పుడూ గమనించని అదృష్టం.

ఇక 'నెవర్' సంగతి. ఆ స్విచ్ పెద్ద పేజీ ఇవ్వాలా వద్దా అనే చెబుతుంది, అడ్రస్ ఎక్కడ ఇవ్వాలో కాదు. గీత మీద కూర్చోబెట్టడం అలాగే ఉంది, పైగా పేజీలు 4 కేబీవి అయ్యాయి. ఇప్పుడు తొక్కిసలాట టీఎల్‌బీ (పేజీల అడ్రస్‌లు గుర్తుంచుకునే చిన్న పట్టిక) సెట్లలో. అందుకే 31 నిమిషాలు. 'నెవర్'ని 6.6 మీద కూడా నడిపి పోల్చి ఉంటే అనుమానం కొట్టేసేవారు కాదు.

6.12లో సరిదిద్దారు: సైజు సరిగ్గా 2 ఎంబీ గుణిజమైతేనే ఆ అమరిక. అప్పటిదాకా జీలిబ్‌సీ (సీ లైబ్రరీ) ట్యూనబుల్స్‌లో ఎమ్‌మ్యాప్ త్రెషోల్డ్‌ని (ఎంత సైజు నుంచి విడి మ్యాపింగ్ తీసుకోవాలనే హద్దు) 16777216 చేయండి. అరేలు ఎమ్‌మ్యాప్‌కి పోకుండా హీప్‌లో వరసగా పడతాయి.

చిన్నబగ్గు:

మ్యాలక్ హెడర్ (ప్రతి ముక్క ముందు అది పెట్టుకునే 16 బైట్లు) కలిపి ముక్క సరిగ్గా 6,144 కేబీలయ్యేలా అరే సైజుని పెంచేస్తే సరిపోదా? ముక్కలు మళ్లీ అతుక్కుంటాయి కదా.

పాతపేజీ:

అతుక్కుంటాయి, కానీ మొదళ్లు 2 ఎంబీ గీత మీదే ఉంటాయి. 6.12లో కూడా. రోగాన్ని చేజేతులా పర్మనెంట్ చేసుకున్నట్టే.

రాత్రిబండి:

ట్యూనబుల్ పెట్టాను: 6.8 మీదే 11 నిమిషాల 10 సెకన్లు. 6.6 మీద 'నెవర్' కూడా నడిపాను, 14 నిమిషాలు. ఈ పని మొదటిరోజే చేయాల్సింది.

నమ్మకం కుదరక బైసెక్ట్ కూడా చేశాను, మెమరీ కోడ్ ఉండే ఎమ్‌ఎమ్ డైరెక్టరీకే పరిమితం చేసి. పది మెట్లలో మీరు చెప్పిన కమిట్ దగ్గరే ఆగింది. 6.12 బిల్డ్ చేసి ట్యూనబుల్ తీసేసి నడిపితే 11 నిమిషాల 5 సెకన్లు.

ఒక్క సందేహం. రేపు గ్రిడ్‌ని 1024 × 1024కి పెంచుదామనుకున్నాను. అంటే అరే సరిగ్గా 8 ఎంబీ...

పాతపేజీ:

అలాగే వదిలేయొద్దు. మ్యాలక్ హెడర్ 16 బైట్లు కలిసి 2 ఎంబీ గుణిజం తప్పుతుంది, కాబట్టి 6.12లో ముక్కల మధ్య దూరం 8 ఎంబీ 4 కేబీ అవుతుంది. ఆ ఒక్క పేజీ తేడా వల్లే వరస అరేలు వేర్వేరు సెట్లకు పోతాయి, అదీ అదృష్టమే. 21 అరేలకూ ఒకే పెద్ద బ్లాక్ తీసుకుని, ఒక్కోదాన్నీ కొన్ని పేజీల తేడాతో మీరే జరిపి పెట్టుకోండి.