మూడు కాలాల అంతరిక్ష నౌకలు గీస్తే మూడూ ఒకేలా వస్తున్నాయి

గీతలపిచ్చి:
నా కామిక్‌లో మూడు జాతులు. ఒకరిది రసాయన రాకెట్ల దశ, ఒకరిది అణు ఇంజిన్ల దశ, మూడోవాళ్లది మనకి అంతుపట్టని దశ. మొదటి నౌకకి రివెట్లు కొట్టాను, మూడోదాన్ని నున్నగా చేసి నీలం లైట్లు పెట్టాను. రంగులు తీసేసి నల్లగా నింపితే మాత్రం మూడూ ఒకటే: ముందు ముక్కు, వెనక మంట. తేడా ఎక్కడ చూపించాలి?

తోకచుక్క:
రివెట్ల సంగతి తర్వాత, ముందు ఇంధనం చూడండి. రసాయన రాకెట్ అంటే దాదాపు అంతా ట్యాంకులే. మనుషుల్ని చంద్రుడి దగ్గరికి పంపిన శాటర్న్ 5 రాకెట్ ఎత్తు 110 మీటర్లు. చివరికి మనుషులతో సముద్రంలో దిగింది 3.9 మీటర్ల వెడల్పు కమాండ్ మాడ్యూల్ ఒక్కటే. మీ మొదటి నౌకలో హాలు, పెద్ద కిటికీలు ఉంటే తీసెయ్యండి. గాలిలో ఎగరనిదానికి ముక్కు కూడా దండగే.

అణు దశలో అసలు తలనొప్పి వేడి. శూన్యంలో దాన్ని మోసుకుపోయే గాలి ఉండదు, వికిరణంగా వదిలించుకోవాల్సిందే. అందుకే పెద్ద పెద్ద రేడియేటర్ పలకలు. ఇక్కడే మీకు మంచి అవకాశం ఉంది. ఉష్ణోగ్రత (కెల్విన్‌లో) రెట్టింపైతే వికిరణం 16 రెట్లవుతుంది. కాబట్టి పాత అణు నౌకకి వెడల్పాటి తెల్ల పలకలు, కొత్తదానికి ఎర్రగా కాలే చిన్న పలకలు గియ్యండి. ఒక్క మాట రాయకుండానే ఏది ముందు తరమో తెలిసిపోతుంది. రియాక్టర్‌ని పొడవాటి ట్రస్ (కడ్డీల చట్రం) చివర పెట్టి, దాని ముందు రేడియేషన్ కవచం పెట్టండి. పలకలు కవచం నీడ (దాని వెనక రేడియేషన్ తగలని చోటు) దాటకూడదు, అందుకే రియాక్టర్ వైపు సన్నగా, మనుషుల వైపు వెడల్పుగా ఉండాలి.

వెండితెర:
లెక్క బాగానే ఉంది కానీ చూసేవాడు ఒప్పుకోవాలి కదా. 1968 నాటి '2001: ఎ స్పేస్ ఒడిస్సీ'లో డిస్కవరీ నౌకకి ముందు రేడియేటర్లు అనుకుని, జనం రెక్కలనుకుంటారని వదిలేశారు.

గీతలపిచ్చి:
మరి మూడోవాళ్లది?

తోకచుక్క:
నున్నటి తెల్ల గుడ్డు ఇప్పటికే అందరూ గీసేశారు. వాళ్లు దేన్ని జయించారో ఒక్కటి తేల్చుకోండి. గురుత్వమే అనుకుందాం. తిరిగే చక్రంతో భూమ్మీది బరువు కావాలంటే, నిమిషానికి 2 చుట్లు చొప్పున వ్యాసార్థం సుమారు 224 మీటర్లు ఉండాలి. రెండోవాళ్లకి ఆ చక్రం పెట్టండి, మూడోవాళ్లకి పీకెయ్యండి. వాళ్ల గోడల మీదా, పైకప్పు మీదా తలుపులుండొచ్చు. రేడియేటర్లు మాత్రం ఉంచండి, ఎంత గొప్పవాళ్లయినా వేడి వేడే.

గీతలపిచ్చి:
రెండోది మళ్లీ గీశాను. నల్లగా నింపినా గుర్తుపట్టేలా ఉంది. కాకపోతే ఆ పలకలు బాణం మొనలా వచ్చి, నౌక వెనక్కి పోతున్నట్టుంది!

తోకచుక్క:
పోనివ్వండి. సగం దారి దాటాక వేగం తగ్గించడానికి ఎలాగూ ఇంజిన్ ముందుకి తిప్పుకోవాల్సిందే. ఆ పేజీకి ఇదే బొమ్మ వాడెయ్యండి.