కొరియన్ అక్షరాలు, ఉచ్చారణ: తెలుగువాళ్లకు ఎక్కడ తేలిక, ఎక్కడ తడబాటు?

కొత్తపలక:

నమస్కారం అండి. కొరియన్ అక్షరాల దగ్గర నుంచి మొదలుపెట్టాను. రోజుకు 40 నిమిషాలు కూర్చోగలను. ఇంగ్లీషు లిపిలో ఉచ్చారణ రాసి ఉన్న పట్టిక పెట్టుకుని 24 అక్షరాలూ గుర్తుపట్టడం వరకు వచ్చింది. చదవబోతే మాత్రం ఇక్కడ ఆగిపోతున్నాను:

1. ఒకే అక్షరం ఒకచోట క, ఇంకోచోట గ అని వినిపిస్తోంది. ఎక్కడ ఏది పలకాలో ఎలా తెలుస్తుంది?
2. క లాంటివి మూడున్నాయి. రాతలో మూడూ వేరు, నా చెవికి మూడూ ఒకటే.
3. ధన్యవాదాలు చెప్పే మాటలో "హప్‌నిద" అని రాసి ఉంటే అందరూ "హమ్‌నిద" అంటున్నారు.

అక్షరాల కింద తెలుగులో రాసుకోవచ్చా? ఏ వరుసలో సాధన చేస్తే మంచిది?

పెన్నఒడ్డు:

ముందు ఆ ఇంగ్లీషు పట్టిక తీసి పక్కన పెట్టండి. మీ ఇబ్బందిలో సగం దానివల్లే. అందులో ఒకే అచ్చును ఇ, ఓ అనే రెండు ఇంగ్లీషు అక్షరాలతో రాస్తారు. రాజధాని పేరులోనూ ఆ జంటే ఉంది. మనం దాన్ని విడగొట్టి "సియోల్" అంటున్నాం. కొరియన్‌లో అది "సొ", "ఉల్" అనే రెండే గళ్లు. గడి అంటే ఒకేసారి కలిపి పలికే అక్షరాలను ఒకేచోట పేర్చిన పెట్టె.

కొరియాను ఏలిన చోసొన్ వంశపు రాజు సేజోంగ్ ఈ లిపిని 1443లో రూపొందించి 1446లో ప్రకటించాడు. అప్పుడు 28 అక్షరాలు, ఇప్పుడు వాడుకలో ఉన్నవి 24: హల్లులు 14, అచ్చులు 10. ఆకారాలు ఊరికే పుట్టినవి కావని 1446 నాటి వ్యాఖ్యానంలోనే ఉంది. అందుకే బట్టీ పట్టకుండా నోటితో నేర్చుకోవచ్చు. మూల హల్లులు ఐదు:

కియొక్: పైన అడ్డగీత, దాని కుడి కొస నుంచి కిందికి దిగే గీత. క పలికేటప్పుడు నాలుక మొదలు లేచి గొంతును మూసే తీరు ఇది.
నిఉన్: నిలువు గీత, దాని అడుగు నుంచి కుడికి అడ్డగీత. న పలికేటప్పుడు నాలుక కొన పైకి తగిలే తీరు.
మిఉమ్: చతురస్రం. మ, నోటి ఆకారం.
షిఒత్: గుడిసె కప్పు. స, పంటి ఆకారం.
ఇఉంగ్: సున్నా. గొంతు ఆకారం.

అక్షరం పేరులోనే దాని పని ఉంటుంది. "నిఉన్" న తో మొదలై న తోనే ముగుస్తుంది, అంటే మొదట్లో ఎలా పలకాలో చివర ఎలా పలకాలో రెండూ ఆ పేరే చెబుతోంది.

మిగతావి గీత పెంచుతూ పోతే వస్తాయి. నిఉన్ నెత్తిన ఒక గీత పెడితే త, దాని మధ్యలో మరొకటి గీస్తే ఊపిరి ఒత్తిన థ. కియొక్ మధ్యలో గీత గీస్తే ఖ. గుడిసె కప్పు మీద అడ్డగీత చ, దానిపైన ఇంకో చిన్న గీత ఛ. పక్కపక్కన రెండుసార్లు రాస్తే గట్టి హల్లు, అలాంటివి ఐదు.

అచ్చుల్లో ముందు ఆరు చాలు. నిలువు గీతకు కుడి పక్క చిన్న గీత ఆ, ఎడమ పక్కనైతే ఒ. అడ్డగీత పైన చిన్న గీత ఓ, కింద ఐతే ఉ. ఒట్టి నిలువు గీత ఇ. ఒట్టి అడ్డగీత, పెదాలు సాగదీసి పలికే ఒక రకం ఉ. చిన్న గీత రెండైతే ముందు య చేరుతుంది: ఆ కాస్తా యా అవుతుంది.

ఇక తెలుగువాళ్లు ప్రత్యేకంగా చేసే పొరపాటు. "హన్" అనే గడిలో హ, దాని పక్కన ఆ గీత, వాటి కింద న ఉంటాయి. మన కన్ను దాన్ని "హ్న" అని చదువుతుంది. తెలుగులో కింద రాసింది వత్తు కదా, అచ్చుకంటే ముందే పలుకుతుంది. కొరియన్‌లో కిందది అచ్చు తర్వాత పలికేది, అంటే మన పొల్లు. దాన్ని "పచ్ఛిమ్" అంటారు, కింద ఆసరాగా పెట్టింది అని అర్థం. ఈ ఒక్కదాని మీదే రెండు మూడు రోజులు కూర్చోండి. గడి చూడగానే వేలితో పైనుంచి కిందికి రాస్తూ పైకి చదవాలి.

సున్నా గడిలో మొదట ఉంటే మౌనం, అచ్చు నిలబడటానికి పీట. అడుగున ఉంటే "అంకం"లో మన సున్నా పలికే ధ్వని. సామ్‌సంగ్ పేరు అక్కడ "సమ్‌సొంగ్", రెండో గడి అడుగున సున్నా ఉంటుంది. చివర గ విడిచి పలకకూడదు, ముక్కులోనే ఆగిపోవాలి.

పెనుకొండ వైపు కనిపించే కియా పేరుతో చదవడం మొదలుపెట్టవచ్చు: కియొక్, పక్కన నిలువు గీత, తర్వాత సున్నా, పక్కన ఆ గీత. పచ్ఛిమ్ లేదు, రెండే గళ్లు.

గళ్లు మొత్తం 11,172 వరకు కూర్చవచ్చు (మొదటి హల్లులు 19, అచ్చులు 21, అడుగు భాగానికి ఖాళీతో కలిపి 28 వీలులు). ఆ అంకె చూసి బెదరకండి. గుణింతం తెలిసినవాళ్లు "కౌ"ను వేరే అక్షరంగా నేర్చుకోరు కదా.

రాసేటప్పుడు పైనుంచి కిందికి, ఎడమ నుంచి కుడికి. సున్నా మాత్రం పైన మొదలుపెట్టి ఎడమవైపుగా తిప్పాలి. తెలుగులో రాసుకోవడం మొదటి వారం వరకు ఫరవాలేదు.

పలుకుబడి:

మొదటి రెండు ప్రశ్నలకు నేను చెబుతాను.

క, గ సంగతి తమిళం చదివినవాళ్లకు కొత్త కాదు. అక్కడా రెంటికీ ఒకే అక్షరం. కొరియన్‌లో మాట మొదట్లో క, రెండు అచ్చుల మధ్య గ. మాంసాన్ని "కోగి" అంటారు, రెండు చోట్లా ఉన్నది కియొక్కే. దంపతులు "పుబు", అక్కడా ఒకే అక్షరం. న, మ, ల, అడుగు సున్నాల తర్వాత కూడా గ, ద, బ, జ గా మెత్తబడుతుంది: హన్‌గుక్ (కొరియా దేశం). ఇది తనంతట తానే జరిగేది, కొరియా వాళ్లకు ఆ తేడా ఉన్నట్టే తోచదు.

మూడు క ల విషయంలో మీ చెవి తప్పేమీ లేదు. మన భాష క, ఖ, గ అని విడదీస్తుంది, వాళ్లది సాధారణ, గట్టి, ఒత్తు అని విడదీస్తుంది. కొలతే వేరు.

గట్టి హల్లు మన నోట్లో ముందే ఉంది. "అక్క" అన్నప్పుడు రెండో క ఎంత బిగువుగా, ఊపిరి లేకుండా వస్తుందో అదే. "ఇందాక" అనే అర్థంలో వాళ్లు "అక్క" అంటారు, నాన్నను "అప్ప" అంటారు. రెండూ తెలుగులో పలికినట్టే పలకండి.

ఒత్తు హల్లుకు ఖ, ఛ, థ, ఫ లు పనికొస్తాయి, వాటిని నిజంగా ఒత్తి పలికితేనే. మనలో చాలామంది థ ను ధ గా, ఫ ను "ఫోన్"లో లాగా పై పళ్లతో కింది పెదవి తాకించి పలుకుతారు. కొరియన్‌లో ఆ ఫోన్ ధ్వని లేదు. రెండు పెదాలూ మూసి ప అంటూ ఊపిరి వదలాలి. సన్నటి టిష్యూ ముక్కను నోటికి 5 సెంటీమీటర్ల దూరంలో పట్టుకోండి. ఒత్తు హల్లుకు అది ఎగరాలి, గట్టి హల్లుకు కదలకూడదు.

అసలు చిక్కు సాధారణ హల్లుతోనే. మాట మొదట్లో దానికి కొంచెం ఊపిరి, వదులైన గొంతు, తర్వాతి అచ్చుకు తగ్గు స్వరం ఉంటాయి. ఇప్పటి సియోల్ యువతరం మాటల్లో సాధారణ, ఒత్తు హల్లులను విడదీసేది ముఖ్యంగా ఆ స్వరమే. చందమామ "తల్" తగ్గు స్వరంలో, ముసుగు "థల్" హెచ్చు స్వరంలో, కూతురు "త్తల్" బిగించి, అదీ హెచ్చులోనే. చందమామను మనం మన త తో పలికితే వాళ్లకు కూతురని వినిపిస్తుంది. అలాగే గది "పంగ్", రొట్టె "ప్పంగ్". (ఈ రొట్టె మాట పోర్చుగీసు నుంచి జపాన్ మీదుగా కొరియాకు చేరింది. మన పావ్ భాజీలోని పావ్‌కూ మూలం ఆ పోర్చుగీసు మాటే.)

మరో మూడు జాగ్రత్తలు. ఇంగ్లీషు పట్టికలో టీ, డీ చూసి ట, డ అనకండి. కొరియన్‌లో నాలుక మడవరు, త, ద లే దగ్గర. చ, జ లను "చిన్న", "జీతం"లో లాగే ప్రతి అచ్చుతోనూ పలకాలి. "చాప", "చుక్క"లో మనకు అలవాటైన దంత్య చ అక్కడ పొసగదు. "చాలా" అనే అర్థం ఉన్న "అజు" దగ్గర ఈ పొరపాటు తరచుగా దొర్లుతుంది. ఇక రిఉల్ అనే అక్షరం: అచ్చుల మధ్య ర ("నర", దేశం), అడుగున ల ("ముల్", నీళ్లు). ఎక్కడా ళ కాదు.

సాధన ఇలా చేయండి. ఇలాంటి మూడేసి మాటల గుంపులు ఐదు తీసుకుని, 15 మాటలూ చెప్పిన మనిషి గొంతు వినండి. మీరు పలికి ఫోన్‌లో రికార్డు చేయండి. మర్నాడు అసలు గొంతును వరుస మార్చి విని, చూడకుండా రాయండి. 15లో 12 సరిపోయేదాకా కొత్త మాటలు ఎత్తుకోవద్దు. చెవి పట్టనిది నోరు పట్టదు.

కృష్ణలంక:

మూడోది మీకు బడిలోనే వచ్చు: అనునాసిక సంధి. వాక్ + మయం వాఙ్మయం అయినట్టే, "కొరియా భాష" అనే అర్థంలో హన్‌గుక్ + మల్ కలిస్తే "హన్‌గుఙ్‌మల్". జగత్ + నాథుడు జగన్నాథుడు అయినట్టే అక్కడా న, మ ల ముందు త కాస్తా న అవుతుంది. ప మ అవుతుంది, కాబట్టి హప్ + నిద "హమ్‌నిద". తేడా ఒకటే. మనం సంధి జరిగాక రాస్తాం, వాళ్లు జరగకముందు రూపమే రాస్తారు. అందుకే రాత చూస్తే మూలపదం తెలిసిపోతుంది.

ఇంకో రెండు సూత్రాలు చాలు ప్రస్తుతానికి. తర్వాతి గడి మౌనసున్నాతో మొదలైతే ముందు గడి పొల్లు అక్కడికి జరుగుతుంది: హన్‌గుక్ + ఒ "హన్‌గుగొ". అడుగు సున్నా మాత్రం జరగదు. న, ల పక్కపక్కన పడితే ల్ల: పాత రాజ్యం పేరు షిన్ + రా అని రాసి "షిల్లా" అంటారు.

పొల్లులు రాతలో 27 రకాలు, పలుకులో ఏడే: క, న, త, ల, మ, ప, అడుగు సున్నా. స, చ, ఛ, థ లు అడుగున ఉంటే అన్నీ త్ అవుతాయి. బట్టలు అనే మాట అడుగున షిఒత్ రాస్తారు, పలికేది "ఒత్". దానికి ఇ ప్రత్యయం చేరితే స మళ్లీ బయటికొచ్చి "ఒషి" అవుతుంది.

ప్రతి మాటనూ అచ్చుతో ముగించే మన అజంత అలవాటును గట్టిగా అదుపులో పెట్టాలి. బస్‌ను బస్సు, బుక్‌ను బుక్కు చేసే నోరు అన్నం అనే "పప్"ను "పప్పు" చేస్తుంది. "అప్ప" అనబోయి మొదటి ప దగ్గర పెదాలు మూసి ఆగండి, తెరవొద్దు. "అక్క", "అత్త"లతోనూ అలాగే సగంలో ఆగండి. రోజుకు ఒక్కోదానికి 20 సార్లు, వారం రోజులు.

కొత్తపలక:

చాలా సంతోషం అండి. వాఙ్మయంతో మూడోది పూర్తిగా అర్థమైంది. ఒ, ఓ ల తేడా, ఆ సాగదీసే ఉ ఇంకా పట్టుబడలేదు. ఏ, ఎ ల్లాంటి రెండూ కూడా ఒకటిగానే వినిపిస్తున్నాయి.

పలుకుబడి:

చివరివి రెండూ సియోల్ యువతరం నోట నిజంగానే కలిసిపోయాయి. కుక్క, పీత అనే మాటలకు రాత వేరు, పలుకు ఒకటే. చెవికి శ్రమ వద్దు, రాత గుర్తుపెట్టుకోండి.

ఒ, ఓ లకు అద్దం కావాలి. ఇది పొడుగు పొట్టి తేడా కాదు, పెదాల తేడా. ఓ కు పెదాలు బిగించి గుండ్రంగా ముందుకు రావాలి. అక్కడినుంచి దవడ కిందికి దించి పెదాలు వదులు చేస్తే ఆ కూ ఒ కూ మధ్య ధ్వని వస్తుంది, అది కావాలి. పరీక్షకు మంచి జంట: వదులు పెదాలతో "ఖొఫి" కాఫీ, గుండ్రం పెదాలతో "ఖోఫి" ముక్కులోంచి కారే రక్తం.

సాగదీసే ఉ కు ఈ అనండి, పెదాలు అలాగే ఉంచి నాలుకను మాత్రం వెనక్కి లాగండి. పెదాలు ముందుకు వస్తుంటే పళ్ల మధ్య పెన్సిలు అడ్డంగా పెట్టుకుని చేయండి.

కృష్ణలంక:

తెలుగులో రాసుకోవడం గురించి పెన్నఒడ్డు గారితో ఏకీభవించలేను. ఒక్క వారం కూడా వద్దంటాను. మన క వాళ్ల గట్టి క, సాధారణ కియొక్ కింద క అని రాసిన క్షణమే తప్పు ఉచ్చారణ స్థిరపడుతుంది. ఆ వదులు ఒ కు, సాగదీసే ఉ కు మనకు అక్షరాలే లేవు. పైగా కింద తెలుగు ఉంటే కన్ను పైది చూడదు. కింద అర్థం రాసుకోండి, ఉచ్చారణ వద్దు.

దాని బదులు ఫోన్‌లో కొరియన్ కీబోర్డు పెట్టుకోండి. రెండు సెట్ల పద్ధతి అనేది ఎంచుకుంటే హల్లులు ఎడమ చేతికి, అచ్చులు కుడి చేతికి వస్తాయి, గట్టి హల్లులకు షిఫ్ట్. మీటలు నొక్కిన వరుసలోనే గడి కూడుతుంది కాబట్టి పచ్ఛిమ్‌ను వత్తుగా చదివే అలవాటు త్వరగా వదులుతుంది. నేవర్ అనే కొరియా వెబ్‌సైటు నిఘంటువులో మాట నొక్కితే గొంతు వినిపిస్తుంది. రోజుకు పది మాటలు చూడకుండా విని టైపు చేయండి, తర్వాత సరిచూడండి. తప్పుల్ని మూడు నిలువు వరుసల్లో రాసుకోండి: హల్లు రకం, అచ్చు, పొల్లు. రెండు వారాల తర్వాత ఏ వరుస పొడుగ్గా ఉంటే మీ 40 నిమిషాల్లో 25 దానికే ఇవ్వండి.