925 వెండి పట్టీల మీద టంకం తర్వాత వచ్చే ఊదా మచ్చ పోయేదెలా?

హైదరాబాద్‌లో ఇంట్లోనే చిన్న బెంచీ పెట్టుకుని ఆర్డర్ మీద వెండి నగలు చేస్తుంటాను, ఎక్కువగా పట్టీలు, మెట్టెలు, జుంకాలు. వెండి పనిలో అనుభవం ఉన్నవాళ్లు ఎవరైనా ఉంటే కాస్త సాయం చేయండి.

925 వెండి అంటే 92.5 శాతం వెండి, మిగతా 7.5 శాతం మామూలుగా రాగి కలుపుతారు కదా, టంకం పెట్టేటప్పుడు సెగకి ఆ రాగి పైపొర కిందే ఆక్సైడ్ అయిపోయి, ఊదా కలిసిన బూడిద రంగు మచ్చ పడుతోంది. పలచటి యాసిడ్‌లో వేసి, కుంకుడు రసంతో బ్రష్ కొట్టాక తెల్లగా బాగానే కనిపిస్తుంది, పాలిష్ పెట్టి వెలుతురుకి అటూ ఇటూ తిప్పితే మాత్రం మళ్లీ అక్కడే మసకగా తేలుతుంది. అరగదీస్తే పోతుంది గానీ మువ్వలు అతికించే చోట, సన్న తీగ పని దగ్గర అరగదీయడానికి వెండి ఎక్కడుంది? పైన ప్లేటింగ్ వేసి కప్పేయమని కొందరంటారు, నాకది ఇష్టం లేదు. రోజూ కాలికి రాసుకునే వస్తువు మీద ఆ పూత ఎంతకాలం నిలుస్తుంది?

బోరిక్ పౌడర్‌ని స్పిరిట్‌లో కలిపి నగంతా ముంచి, స్పిరిట్ మండిపోయి తెల్లటి పూత మిగిలాకే టంకం పెట్టాలని విన్నాను. పట్టీ లాంటి పొడవాటి వస్తువుకి మీరెలా చేస్తున్నారు, ప్రతి అతుకుకీ మళ్లీ ముంచాలా? జర్మేనియం కలిపిన 925 వెండికి ఈ మచ్చ దాదాపు రాదంటారు, అది చార్‌కమాన్‌లోనో సికింద్రాబాద్ పాట్ మార్కెట్‌లోనో తక్కువ మోతాదులో దొరుకుతుందా? పెళ్లి ఆర్డర్ ఒకటి చేతిలో ఉంది, టెన్షన్‌గా ఉంది. వాడి చూసినవాళ్లు చెబితే చాలా మేలు చేసినవాళ్లవుతారు.