ఇండియా లైసెన్స్‌తో సింగపూర్‌లో కారు: ఏడాది దాటేలోపు ఏం చేయాలి?

కొత్తకాపు:
ఎంప్లాయ్‌మెంట్ పాస్ మీద వచ్చి ఎనిమిది నెలలైంది. ఇండియా లైసెన్స్‌లో కారు, బైక్ రెండూ ఉన్నాయి. ఇక్కడి లైసెన్స్‌గా మార్చుకోవాలంటే మళ్ళీ రోడ్డు మీద టెస్ట్ ఇవ్వాలా? ఇక్కడా ఎడమవైపే నడుపుతారు కాబట్టి పెద్దగా తేడా ఉండదనుకోవచ్చా?

తోపాయో కాఫీ:
కారుకైతే రోడ్డు టెస్ట్ లేదు, బేసిక్ థియరీ టెస్ట్ పాసైతే చాలు. 50 నిమిషాల్లో 50 ప్రశ్నలు, 45 కరెక్ట్ కావాలి. తెలుగు లేదు గానీ ఇంగ్లీషుతో పాటు తమిళం ఉంది. బుకిట్ బటోక్, ఊబి, వుడ్‌లాండ్స్ సెంటర్లలో దేంట్లోనైనా ప్రైవేట్ క్యాండిడేట్‌గా బుక్ చేసుకోండి, స్కూల్లో చేరనక్కర్లేదు. ఫైనల్ థియరీ జోలికి పోవద్దు, అది కొత్తగా నేర్చుకునేవాళ్ళకి.

ఏళ్ళ తరబడి నడిపినవాళ్ళే ఇందులో తప్పుతుంటారు. అడిగేది డ్రైవింగ్ గురించి కాదు, గీతల గురించి, అంకెల గురించి. శ్వాసలో ఆల్కహాల్ పరిమితి 100 మిల్లీలీటర్లకు 35 మైక్రోగ్రాములు, 24 నెలల్లో 24 డీమెరిట్ పాయింట్లయితే (తప్పు చేసినప్పుడల్లా వేసేవి) లైసెన్స్ సస్పెన్షన్, ఇలాంటివి. పుస్తకం చదవకుండా వెళ్ళొద్దు.

పాసయ్యాక ట్రాఫిక్ పోలీస్‌కు ఆన్‌లైన్‌లో దరఖాస్తు, ఫీజు 50 సింగపూర్ డాలర్లు. ఆ రోజుకి ఇండియా లైసెన్స్ గడువు మిగిలి ఉండాలి. బైక్ మాత్రం ఇంత తేలిగ్గా మారదు, ప్రాక్టికల్ టెస్ట్ తప్పదు.

గీత దాటను:
ఎనిమిది నెలలంటే స్లాట్ ఇప్పుడే పట్టుకోండి. 12 నెలలు దాటాక నడిపితే లైసెన్స్ లేకుండా నడిపినట్టే లెక్క. జరిమానా సంగతి సరే, యాక్సిడెంట్ అయితే ఇన్సూరెన్స్ చేతులెత్తేస్తుంది, అసలు భయం అదీ. మధ్యలో ఇండియా వెళ్ళొస్తే గడువు మళ్ళీ మొదటి నుంచి మొదలవుతుందనే మాట నమ్ముకోవద్దు.

ఎడమవైపు అలవాటే మోసం చేస్తుంది. ఫ్రీ లెఫ్ట్ లేదు. రెడ్‌లో ఎడమకు తిరగాలంటే అందుకు అనుమతించే బోర్డు ఉండాలి. రెడ్ దాటితే ఒక్క దెబ్బకి 12 పాయింట్లు, అంటే సస్పెన్షన్‌కి సగం దూరం. కుడికి తిరిగేటప్పుడు బాణం గుర్తు లేకుండా గుండ్రటి గ్రీన్ ఒక్కటే ఉంటే ఎదురొచ్చేవాళ్ళదే హక్కు, క్రాసింగ్‌లో నడిచేవాళ్ళనీ చూసుకోవాలి. వెనకవాడు తొందరపెట్టినా కదలకండి.

రోడ్డు అంచున ఒక పసుపు గీత ఉంటే సోమ నుంచి శని దాకా ఉదయం 7 నుంచి సాయంత్రం 7 వరకు పార్కింగ్ లేదు, రెండు గీతలుంటే ఎప్పుడూ లేదు. హెచ్‌డీబీ (ప్రభుత్వ ఫ్లాట్ల) పార్కింగ్‌లో తెల్ల గీతల చోటు చూసుకోండి, ఎర్రవి సీజన్ పాస్ (నెలవారీ పార్కింగ్ పాస్) ఉన్నవాళ్ళవి.

తోపాయో కాఫీ:
అద్దె కారు తీసుకుంటే ఈఆర్‌పీ (రోడ్డు వాడకానికి ఆటోమేటిగ్గా కోసుకునే టోల్) కార్డులో డబ్బు ఎంతుందో బయల్దేరే ముందే చూడండి. గేటు కింద దాటేటప్పుడు బ్యాలెన్స్ లేకపోతే నోటీసు కారు యజమానికి వెళ్ళి, అక్కడి నుంచి మీ దగ్గరికి వస్తుంది. ఆదివారాలు, పబ్లిక్ హాలిడేల్లో వసూలు లేదు.

కొత్తకాపు:
థాంక్సండీ, ఈ రాత్రే బుక్ చేస్తా. అదే అద్దె కారులో మలేషియాలోని జొహోర్ వెళ్ళొచ్చా?

గీత దాటను:
అద్దె కంపెనీ ముందే రాసివ్వాలి, చాలా కార్లకు ఒప్పుకోరు. ఒప్పుకున్నా సింగపూర్ కారు దేశం దాటాలంటే ట్యాంకు ముప్పావు వంతు నిండి ఉండాలి. అటువైపు చవగ్గా దొరికే రాన్ 95 పెట్రోలు విదేశీ కార్లకు నిషేధం, 97 కొట్టించండి.