సమస్య: బంక తీసివేయ బంధ మతికె

నిర్వాహకుడు: ఈ వారం సమస్య ఆటవెలది పద్యానికి నాలుగో పాదం. ముందు మూడు పాదాలు మీరు కట్టి దీనికి పొసగే అర్థం తేవాలి, అదే పూరణ. అయిదూ సూర్యగణాలే (గణమంటే లెక్క ప్రకారం కూర్చిన అక్షరాల గుంపు). యతి, అంటే పాదం మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ ఉండాల్సిన పొత్తు, 'బం–బం'. బంక పెడితే అతుకుతుంది, తీస్తే ఊడుతుంది. ఇక్కడ తీసినందుకే అతికిందట! తుమ్మబంక, పిండిబంక, పైరుకు పట్టే పురుగు పేనుబంక, బంకమట్టి, విడవకుండా వెంటపడేవాణ్ణి అనే 'బంక', వీటిలో ఏదైనా తీసుకోండి. పెట్రోలు బంకు మాత్రం కుదరదు, అది ఉకారాంతం.

మొదటి పూరణ:

కుర్చి కాలు నూడె. కొత్త జిగురు పూయ
పాత పొరయె నడుమ పాతుకొనగ
నిలువదాయె, గీకి నిర్మూలముగ పాత
బంక తీసివేయ బంధ మతికె

నిర్వాహకుడు: ఊహ బాగుంది, పైగా వడ్రంగం తెలిసిన ఊహ. కొయ్యజిగురు చెక్క రంధ్రాల్లోకి ఇంకితేనే పట్టు. ఎండిన పాత పొర ఆ రంధ్రాలను మూసేస్తుంది కాబట్టి దానిమీద ఎంత పూసినా వృథా. అయితే 'కాలు + ఊడె' దగ్గర నకారం రాదండీ. ఉకారానికి అచ్చు పరమైతే సంధి నిత్యం, 'కాలూడె' అవుతుంది, గణం చెడుతుంది. 'కుర్చీ'ని హ్రస్వం చేయడమూ నాకు నచ్చలేదు. 'కోడు సడలె ననుచు కొత్త జిగురు పూయ' (కోడు అంటే కాలే) అంటే రెండు చిక్కులూ పోతాయి, యతీ నిలుస్తుంది.

ఒక సభ్యురాలు: అన్నగారూ, ఇంకో సందేహం. పాత బంక గీకేశాక మళ్లీ పూశారని పద్యంలో లేదు. ఉత్తి చెక్కకు చెక్క ఎలా అతికింది?

మొదటి పూరణకర్త: 'కొత్త జిగురు పూయ' అని ముందే ఉంది కదమ్మా, అది చాలదా?

సభ్యురాలు: అది నిలవలేదని మీరే అన్నారు కదా!

నిర్వాహకుడు: అమ్మాయి మాటే నిజం. మూడో పాదం మళ్లీ చూడండి.

రెండో పూరణ:

ఆకు ముడుచుకొనియె నంటిన మసి వల్ల
చీమ బారు వచ్చి చెట్టు నెక్కె
మందు చల్లి పైరు రైతుకు దక్కెను
బంక తీసివేయ బంధ మతికె

నిర్వాహకుడు: పేనుబంకను తెచ్చినందుకు సంతోషం. కానీ మూడో పాదంలో 'మం'కు 'రై'తో యతి లేదు. 'చల్లి' అన్నది రైతు పని, 'దక్కె'కు కర్త పైరు. క్త్వార్థకానికీ ('చల్లి' లాంటి అసమాపక క్రియకు) ప్రధానక్రియకూ కర్త ఒక్కరే ఉండాలి. 'మందు చల్లి రైతు మనసార కాచగ' అనుకుంటే రెండూ సర్దుకుంటాయి.

విషయం దగ్గర మాత్రం సర్దుకోలేను. ఆకు ముడుచుకునేది పురుగు రసం పీల్చడం వల్ల. అది విసర్జించే తియ్యటి జిగట మీద బూజు పెరిగితే నల్లటి మసి కడుతుంది. కాబట్టి మసి కారణం కాదు, తర్వాత వచ్చేది. ఆ తీపి కోసమే చీమలు పురుగుకు కాపలా కాస్తాయి. పురుగును తీసేస్తే చీమకూ చెట్టుకూ బంధం తెగుతుంది. మీ పద్యంలో అతికిన బంధం ఎవరిది? రైతుకూ పైరుకూ అంటారేమో, ఆ బంధం అంతకుముందు తెగినట్టు ఎక్కడా చెప్పలేదే.

మూడో పూరణ:

తుమ్మ బెరడు మీద దొరికిన గడ్డను
నీట నానబెట్టి నిలువ జేసి
చినిగినట్టి పుటకు చివరంచు వెంబడి
బంక తీసి, వేయ బంధ మతికె

నిర్వాహకుడు: భేష్! 'తీసివేయ' ఒకే క్రియ అని మనమంతా తలబద్దలు కొట్టుకుంటుంటే, మీరు దాన్ని విరిచి 'తీసి, వేయ' అన్నారు. సమస్యలోని విరోధం ఒక్క అక్షరం మారకుండా మాయమైంది. 'నిలువ జేసి' ఊరకే గణం నింపడానికి పడలేదు. నిలువ ఉన్నది కనుకనే 'తీసి'కి పని దొరికింది. 'నానబెట్టి' కూడా సరైన మాటే. తుమ్మబంక చన్నీళ్లలోనే కరుగుతుంది. పిండిబంకకైతే వేడి కావాలి, పిండి రేణువులు నీళ్లు పీల్చి ఉబ్బితేనే జిగురు పుడుతుంది.

సభ్యురాలు: 'చివర', 'అంచు' రెండూ ఒకటే కదండీ. 'చిరుగంచు వెంబడి' అంటే?

మూడో పూరణకర్త: చాలా బాగుందమ్మా, అలాగే మార్చుకుంటున్నాను.

నిర్వాహకుడు: అత్తాకోడళ్ల మీద, స్నేహితుల మీద మరికొన్ని పూరణలు వచ్చాయి. అన్నింటిలోనూ 'బంక' అంటే అతిచనువు. 'వాడొక బంక' అని నోటిమాటలో చెల్లుతుంది. పద్యంలో మాత్రం ఆ మనిషి ఎలా పట్టుకు వేలాడాడో ఒక్క పాదమైనా చూపించాలి. ఎవరూ చూపించలేదు. మళ్లీ ప్రయత్నించండి.

మొదటి పూరణకర్త: సవరించానండి.

కోడు సడలె ననుచు కొత్త జిగురు పూయ
పాత పొరయె నడుమ పాతుకొనగ
నిలువదాయె, మరల నింపుటకును ముందు
బంక తీసివేయ బంధ మతికె

సభ్యురాలు: ఇప్పుడు నా సందేహం తీరింది అన్నగారూ.

నిర్వాహకుడు: తర్కం కుదిరింది. 'గీకి' పోయినందుకు మాత్రం బాధగా ఉంది. ఉలి చప్పుడు వినిపించే మాట అదొక్కటే. దాన్ని రెండో పాదంలోకైనా తేగలరేమో చూడండి.